రెండు తెరలు, ఇద్దరు మేనమామలు

ముఖాల మీద బతికేవాడికి ముకుందన్ అని పేరు పెట్టడం వాళ్ళమ్మ ముందుచూపే అనుకోవాలి. పాండిచ్చేరి మూలకుళంలో అతని ఇంటి ముందుగదే ఫ్లెక్సు డిజైన్ల దుకాణం. పెళ్ళి, పుట్టినరోజు, గృహప్రవేశం, చెవులు కుట్టడం, ఆఖరికి కన్నీటి అంజలి, ఏదైనా సరే, పాండీలో మనిషి కన్నా ముందు మనిషి ముఖం వెళ్ళి గుమ్మంలో నిలబడాలి. ఆ ముఖాల్ని కత్తిరించి, కడిగి, నల్లవాళ్ళను తెల్లగానూ తెల్లవాళ్ళను ఇంకా తెల్లగానూ తేల్చేది ముకుందన్. ఫ్లెక్సు అంటే ఇంగ్లీషులో వంగేది అని అర్థమట. వంగేది ఆ గుడ్డ ఒక్కటే. దాని మీద అచ్చయిన పెద్దమనుషుల్లో ఒక్కడూ వంగడు.

ఈ వ్యాపారానికి ఒక రాజ్యాంగం ఉంది. ఎక్కడా రాసి లేకపోయినా అందరికీ కంఠతా వచ్చు. ఎవరి తల ఎంత పెద్దగా పడితే వాళ్ళకు అంత మర్యాద. పెద్దల తల కన్నా పిన్నల తల పెద్దదైతే ఆ ఫంక్షన్లో వండిన అన్నం మిగిలిపోతుంది. అందుకే జనం ముకుందన్ వెనకాల కుర్చీలు వేసుకుని, అతని భుజం మీదుగా తెరలోకి వేలు పోనిచ్చి, "మా పెదనాన్న తల ఇంకొంచెం లాగు, ఆ పక్కాయన్ది అణచు" అంటూ ఉంటారు. లాగడమూ అణచడమూ ఎంత అలవాటైపోయిందంటే, నిజం మనిషి ఎదురుగా వచ్చి నిలబడినా ముకుందన్ చెయ్యి మౌసు కోసం వెతుక్కుంటుంది.

ఇన్నాళ్ళూ ఊరివాళ్ళ తలలు. ఇప్పుడు వచ్చింది సొంత తలనొప్పి.

ముకుందన్ కూతురు కయల్విళికి మూడేళ్ళు. వచ్చే ఆదివారం దానికి చెవులు కుట్టించాలి. వాళ్ళ కుటుంబాల్లో మేనమామ తొడ మీద బిడ్డ కూర్చుంటేనే సూది చెవి దగ్గరికి వస్తుంది. మేనమామ రాకపోతే ముహూర్తం వచ్చినా రానట్టే. కయల్‌కు ఆ కొరత లేదు, ఇద్దరున్నారు. పెద్దమామ బాలమురుగన్ బాహూరులో వరి పండించే ఆసామి. చిన్నమామ కుమరేశన్ సర్కారు ఆఫీసులో గుమాస్తా, కాపురం సోలై నగర్ దగ్గర. ఒకరిది దక్షిణం దిక్కు, ఒకరిది ఉత్తరం దిక్కు. ఒకరి దిక్కు ఒకరు చూడరు.

కారణం పెద్దది కాదు, చిన్నదే: కుమరేశన్ తల. నిరుడు పెద్దాయన కొత్తింటి గృహప్రవేశానికి వేసిన ఫ్లెక్సులో తమ్ముడి తల మేస్త్రీ తల కన్నా చిన్నగా పడింది. డిజైన్ ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. తమ్ముడు వెళ్ళి అడిగితే, "మేస్త్రీ ఇల్లు కట్టినాడు, నువ్వేం కట్టినావురా?" అన్నాడు అన్న. "కట్టుకున్న గుడ్డలతో పోతాండా, చూసుకో" అని తమ్ముడు ఆకు ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ మాటల్లేవు.

ఇప్పుడు మేనకోడలి పండుగ. పెద్దాయన చెల్లెలికి ఫోన్ చేసి, ఫ్లెక్సులో నా తల పెద్దగా ఉంటేనే వస్తా, బిడ్డ కూర్చునేది నా తొడ మీదే, అన్నాడు. చిన్నాయన అక్కకు ఫోన్ చేసి అక్షరం పొల్లుపోకుండా అదే అన్నాడు. అంటే తల ఎవరిది పెద్దదో తొడ వాళ్ళదన్నమాట. వీళ్ళలో ఏ ఒక్కరు అలిగినా కయల్ చెవులు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి గానీ, వాళ్ళమ్మ మహాలక్ష్మికి పుట్టిల్లు మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉండదు.

ముకుందన్ ఇద్దరికీ ఒకే జవాబిచ్చాడు. నీదే పెద్దది బావా. నీదే పెద్దది కుమరేశా. అచ్చుకు పంపేముందు కళ్ళారా చూస్తామన్నారు ఇద్దరూ. ఫోన్‌కు పంపుతానంటే, ఫోన్లో తల సైజు ఏం తెలుస్తుంది, పెద్ద తెర మీద చూడాల్సిందేనన్నారు. తనకన్నా ముందు రెండోవాడు చూస్తే ఊరుకునేది లేదని కూడా అన్నారు. అందుకని ఇద్దరికీ ఒకే రోజు, ఒకే సాయంత్రం ఖాయమైంది.

"ఏందీ, ఇద్దురికీ అదే మాట చెప్పినావా?" మహాలక్ష్మి వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"అబద్ధం యాడ చెప్పినా? ఇద్దురివీ పెద్దవే. వేరే వేరే ఫ్లెక్సుల్లో."

"ఐయో! రెండు ఫ్లెక్సులా?"

"ఫంక్షన్ హాలుకు గేట్లెన్ని? రెండు. బాహూరునుంచి వచ్చేవోళ్ళు దూరే గేట్లో మీ అన్న. టౌన్‌నుంచి వచ్చేవోళ్ళు దూరే గేట్లో మీ తమ్ముడు. ఎవురి గేట్లో వాళ్ళు పెద్దోళ్ళు."

"భోజనాల కాడ?"

"ఆకు ముందు కూర్చున్నోడు అప్పళం చూస్తాడా, ఫ్లెక్సు చూస్తాడా?"

"సెరి, సాయంత్రం సంగతి చెప్పు. ఇద్దురూ ఒకే ల్యాప్‌టాప్‌లో చూస్తారే, అప్పుడు?"

దానికి మందు ముందే తెచ్చిపెట్టుకున్నాడు ముకుందన్. బస్టాండు దగ్గర మూసేసిన బ్రౌజింగ్ సెంటర్‌నుంచి ఒక పాత మానిటర్. ల్యాప్‌టాప్ తెర ఒకవైపు తిరిగి ఉంటుంది, దానికి తగిలించిన మానిటర్ రెండోవైపు తిరిగి ఉంటుంది. ఇటు ఒక మామ, అటు ఒక మామ. ఒకరికి కనబడేది రెండోవాళ్ళకు కనబడదు. చెవులు కుట్టే పండక్కి మామల చెవుల్లో పువ్వులు పెట్టే ఏర్పాటు.

ఏర్పాటు బాగానే ఉంది. తిరకాసు ఎక్కడొచ్చిందంటే, ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్.

ఒకప్పుడు కొనకుండా తెచ్చుకున్న విండోస్ ఉండేది. ఆ దొంగ కిటికీలోంచి వైరస్ దూరి ఒక పెళ్ళివారి ముఖాలన్నీ మింగి, పెళ్ళికొడుకు చెప్పులు మాత్రం వదిలిపెట్టింది. ఆ రోజు ఒట్టు పెట్టుకుని, వీడియోలు చూసి తనంతట తానే లినక్స్ ఎక్కించుకున్నాడు ముకుందన్. మంచిదే అది. వైరస్ పట్టదు, పైసా అడగదు. చెప్పిన మాట మాత్రం వినదు. మహాలక్ష్మి దానికి వినక్స్ అని బారసాల కూడా చేసేసింది.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున టిఫిన్ కాగానే మానిటర్‌ను టేబుల్ ఎక్కించాడు. దాని పాతకాలపు వైరుకు ఒక అడాప్టర్ తొడిగి, ఆ అడాప్టర్‌ను ల్యాప్‌టాప్ పక్కనున్న రంధ్రంలో గుచ్చాడు. మానిటర్ కన్ను తెరిచింది. "నో సిగ్నల్" అంది. కన్ను మూసింది. పేరేమో మానిటర్, పనేమో మానింది.

"సిగ్నల్ లేదంటాందే" అన్నాడు దిగాలుగా.

"యాడ, విల్లియనూరు రోడ్డు కూడలి కాడా?" అంది మహాలక్ష్మి.

ఆమెతో పెట్టుకోకుండా టెర్మినల్ తెరిచాడు. టెర్మినల్ అంటే ఊరందరికీ బస్సులు ఆగే చోటు. లినక్స్‌వాళ్ళకు బుర్రలు ఆగే చోటు. నల్లటి పెట్టె, అందులో మిణుకు మిణుకుమంటూ ఒక గీత. ఏ తెరలు తగిలించి ఉన్నాయో చెప్పడానికి అందులో ఒక ఆజ్ఞ ఉంది. దాని ఇంగ్లీషు అక్షరాలకు అచ్చులు తక్కువ, కచ్చ ఎక్కువ. ముకుందన్ దాన్ని "ఎక్స్ రాండ్రా" అని పలుకుతాడు. "ఎక్స్ రాండ్రా!" అని కొట్టాడు. వచ్చింది ఒక్కటే, ల్యాప్‌టాప్ సొంత తెర. మళ్ళీ కొట్టాడు. ఎన్ని రాండ్రాలన్నా ఆ ఒక్కటే వచ్చి నిలబడింది. మానిటర్ మాత్రం పంక్తి లేచే వేళకు కూడా రాని చుట్టంలా ఎక్కడుందో ఆచూకీ లేదు.

ఇంటర్నెట్‌లో వెతికితే, ఇదే ల్యాప్‌టాప్‌తో, ఇదే జబ్బుతో ఎవడో ఎప్పుడో మొరపెట్టుకుని ఉన్నాడు. ముకుందన్ ప్రాణం లేచొచ్చింది. కింద ఆ మహానుభావుడే రాశాడు: "కుదిరిపోయింది, అందరికీ థ్యాంక్స్." ఎలా కుదిరిందో రాయలేదు. వాడి బిడ్డల చెవులు కుట్టేనాడు సూది మొద్దుబారిపోవాలని ముకుందన్ శపించాడు. వెంటనే, పాపం బిడ్డలేం చేశారనిపించి, శాపాన్ని వాడి చెవులకే బదిలీ చేశాడు.

మధ్యాహ్నానికి జబ్బు దొరికింది. ఈ ల్యాప్‌టాప్‌లో బొమ్మలు గీసే చిప్పులు రెండు. ఒకటి లోపలి తెరకు చాకిరీ చేసే పేదింటిది. రెండోది గొప్పింటిది, బయటి తెరకు దారి దాని గుప్పిట్లో ఉంది. ఆ గొప్పింటిదాన్ని నిద్ర లేపాలంటే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ప్రత్యేకంగా ఎక్కించాలి.

"డ్రైవర్ లేదంట లచ్చిమీ. అందుకే కదల్లే."

"ఎదురింటి మాడసామి అన్న ఖాళీగానే ఉండాడే! కాలేజీ బస్సుకు ఈ పొద్దు సెలవు. పిలిచేదా?"

"ఆ డ్రైవర్ కాదే తల్లీ!"

"తెలుసులేవయ్యా. పొద్దుటాల్నుంచీ ఏడుపు ముఖం పెట్టుకోనుంటే చూళ్ళేక అన్నా."

డ్రైవర్‌ను దించుకున్నాడు. అది ఒక పాస్‌వర్డ్ పెట్టుకొమ్మంది, ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్ళీ వెలిగించమంది. వెలిగిస్తే, ఎన్నడూ చూడని నీలం తెర ఒకటి అడ్డంగా నిలబడింది. ల్యాప్‌టాప్ గుమ్మంలో సెక్యూర్ బూట్ అని ఒక కాపలాదారు ఉంటాడు. ముక్కూ ముఖం తెలియనివాణ్ణి బూట్లతో లోపలికి రానివ్వడు. డ్రైవర్‌ను గేటు దగ్గరే నిలబెట్టి, "ఈయన మీ మనిషేనా?" అని అడగడమే ఆ నీలం తెర ఉద్దేశం. ముకుందన్ బెదిరిపోయాడు. అత్తారింట్లో కష్టమైన ప్రశ్న ఎదురైనప్పుడు చేసేదే ఇక్కడా చేశాడు. జవాబు చెప్పకుండా ముందుకు పోయే మీట నొక్కాడు. కాపలాదారు డ్రైవర్ మెడ పట్టి బయటికి గెంటేశాడు. గెంటిన విసురుకు ఉన్న తెర కూడా చెదిరి, అక్షరాలు ఒక్కొక్కటీ ఇడ్లీ అంతయి కూర్చున్నాయి.

"ఇంతకు ముందు ఒక తెర అయినా ఉండె" అంది మహాలక్ష్మి ఓదార్పుగా.

మొత్తం మళ్ళీ మొదటినుంచి. ఈసారి పాస్‌వర్డ్ "ఇద్దరూపెద్దే" అని పెట్టాడు, మర్చిపోడానికి వీల్లేకుండా. నీలం తెర వచ్చింది. ముకుందన్ కుర్చీలోంచి లేచి నిలబడి, "మా మనిషే, మా మనిషే" అని గొణుక్కుంటూ మీటలు వెతికి నొక్కి పాస్‌వర్డ్ కొట్టాడు. ల్యాప్‌టాప్ ఆలోచించింది. మానిటర్ కన్ను తెరిచింది. ఈసారి మూయలేదు.

"వొచ్చిందే! లచ్చిమీ, వొచ్చిందే!"

ఉషారుగా పెద్దబావ ఫ్లెక్సు తెరిచాడు. మహాలక్ష్మి వచ్చి ఇటు చూసింది, అటు చూసింది. "రెండిట్లోనూ మా అన్నే ఉండాడే."

నిజమే. లోపల ఏది ఉంటే బయట అదే, అద్దంలో చూపించినట్టు. ఒక పెద్ద బావకే జడుస్తుంటే ఇద్దరు పెద్ద బావలు. సెట్టింగుల్లోకి పరుగెత్తి, అద్దం గుర్తు తీసేసి, రెండు తెరలనూ పక్కపక్కన కలిపే గుర్తు నొక్కాడు. మౌసు బాణం ల్యాప్‌టాప్ అంచు దాటి, గోడ దూకిన పిల్లిలా మానిటర్లో తేలింది. పెద్దబావ ఫ్లెక్సును పట్టి మానిటర్లోకి ఈడ్చాడు. చిన్నబావమరిది ఫ్లెక్సు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. రెండు తెరలనూ వీపుకు వీపు ఆనించి, అలిగిన మొగుడూ పెళ్ళాల్లా టేబుల్ నడుమ నిలబెట్టి, తను పక్కన స్టూలేసుకుని మౌసుతో కూర్చున్నాడు.

అప్పుడే వాకిట్లో మోటార్‌సైకిల్ ఆగింది. దాని వెనకనే ఇంకొకటి.

బాలమురుగన్ వేరుశనక్కాయల సంచీతో వచ్చాడు, కుమరేశన్ చేపల సంచీతో. రెండూ చెల్లెలి చేతికే, అక్క చేతికే. ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

"లచ్చిమీ, ముందర వొచ్చినోళ్ళను ముందర కూర్చోమను" అన్నాడు పెద్దాయన గోడతో.

"అక్కా, గేటు తీసింది నేనని చెప్పు" అన్నాడు చిన్నాయన ఫ్యానుతో.

"తెరల ముందర రెండు కుర్చీలుండాయి, ఇద్దురూ ఒకేతూరి కూర్చోండి, ఒకేతూరి చూడండి" అని ముకుందన్ ఇద్దరినీ చెరోవైపు కూర్చోబెట్టాడు.

పెద్దాయన మానిటర్లోకి చూశాడు. కె. బాలమురుగన్ అని అరవ అక్షరాలు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ తెలుగు రాత చదివేవాళ్ళు ఆ ఇంటావంటా లేరు. ఆ అక్షరాల పైన తన తల, పున్నమి చంద్రుడిలా. కిందెక్కడో తమ్ముడి తల, నిమ్మకాయలా. పెద్దాయన చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

"ఊఁ. పని నేర్చినావయ్యా ముకుందా."

ఇటువైపు ల్యాప్‌టాప్‌లో కుమరేశన్ తల గుమ్మడికాయంత, అన్న తల గోలీ అంత. కుమరేశన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "సూపర్ బావా! ఇదీ న్యాయమంటే."

ఆ మాట టేబుల్ దాటి పెద్దాయన చెవిన పడింది. మీసం మీది చెయ్యి ఆగింది. తమ్ముడు ఒప్పుకున్నాడా? అన్న తల చంద్రుడిలా, తన తల నిమ్మకాయలా ఉంటే, న్యాయమన్నాడా? పెద్దాయన గుండెలో ఏదో కరిగింది. గెలిచినవాడికి దయ తొందరగా పుడుతుంది.

"ముకుందా," అన్నాడు, "చిన్నోడు అంత మంచిగా ఒప్పుకున్నప్పుడు మనం గూడా కొంచెం తగ్గాల. వాని తల మరీ చిన్నగా ఉండాది. ఇంకొంచెం పెంచు."

అది విని కుమరేశన్ అదిరిపడ్డాడు. ఇప్పుడున్న గుమ్మడికాయను ఇంకా పెంచడమా? అన్నకు ఇంత మంచి మనసుందని ఈ ఏడాదీ తెలియనే లేదే! "వద్దు బావా, నాది చాలు, ఇంకా పెంచితే హాల్లో దూరదు. అన్నదే పెంచు. పాపం, గోలీ అంత పెట్టినావు."

"ఎవునిది గోలీ?" అన్నాడు పెద్దాయన, చంద్రబింబాన్ని చూస్తూ.

"నీదే అన్నా." ఏడాది తర్వాత మొదటిసారి నేరుగా పలికిన మాట.

"నా తల గోలీనా? ఇంత తల గోలీ అయితే, నీదేందిరా, ఆవగింజా?"

"నాది ఆవగింజా? కండ్లు యాడ పెట్టుకోని చూస్తాండావు?"

"కండ్ల సంగతి నువ్వు చెప్పొద్దు. అద్దాలు నీకుండాయి, నాకు లే!"

"లైటింగ్ బావా!" ముకుందన్ చెమటలు కక్కుతూ మౌసును అటూ ఇటూ తోలాడు. "అట్లా కూర్చుంటే అట్లా కనబడ్తాది, ఇట్లా కూర్చుంటే ఇట్లా. తెరల్లో అంతే. కాఫీ! లచ్చిమీ, కాఫీ యాడ?"

అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. మానిటర్ ఆరిపోయింది. ల్యాప్‌టాప్‌కు మాత్రం కడుపులో బ్యాటరీ ఉంది కాబట్టి అది నిక్షేపంగా వెలుగుతూ ఉంది. హమ్మయ్య, ఒక తెర పోయింది, పోట్లాట కూడా పోతుందని ముకుందన్ అనుకునేలోపల లినక్స్ తన పని తాను చేసుకుపోయింది. పొద్దుటినుంచీ మానిటర్ ఎదురుగా ఉన్నా లేదని దబాయించిన ఆ మహాతల్లి, ఇప్పుడు మానిటర్ లేదన్న సంగతి రెప్పపాటులో కనిపెట్టింది. కనిపెట్టి, దిక్కులేనిదైపోయిన పెద్దబావ ఫ్లెక్సును భద్రంగా ఎత్తుకొచ్చి, ల్యాప్‌టాప్ తెర మీద కుమరేశన్ ఫ్లెక్సు పక్కనే నిలబెట్టింది. ఒక్క తల పోగొట్టలేదు. ఎంత నిజాయితీపరురాలో!

కుమరేశన్ రెండు ఫ్లెక్సుల మీదా వేలు ఆనించాడు. "అన్నా, ఇట్లా రా."

పెద్దాయన చీకట్లో టేబుల్ చుట్టూ తడుముకుంటూ వచ్చి తమ్ముడి వెనకాల నిలబడ్డాడు. సందెచీకటి గదిలో వెలుగంతా ఆ ఒక్క తెరదే. అన్నదమ్ములిద్దరూ తలలు వంచి లోపలికి చూశారు.

"ఈ పెద్దది నేను."

"ఈ పెద్దది నేను."

"ఈ నిమ్మకాయ నువ్వే."

"ఈ గోలీ నువ్వే."

ముకుందన్ స్టూలు మీదినుంచి చప్పుడు కాకుండా జారి తలుపు దాకా పోయాడు. తలుపులో మహాలక్ష్మి కాఫీ గ్లాసులతో నిలబడి ఉంది, జరగలేదు.

"యాడికి?"

"కరెంటు యాడ పోయిందో చూసొస్తా."

"కూర్చో బావా" అన్నాడు కుమరేశన్ వెనకనుంచి.

"కూర్చోవయ్యా" అన్నాడు బాలమురుగన్. ఏడాదిగా మాటల్లేని అన్నదమ్ములకు ఒకే మాట వచ్చింది.

ముకుందన్ కూర్చున్నాడు.

"నిరుడు మా ఇంటి కాడ మేస్త్రీ తల పెంచింది గూడా నీ చెయ్యే గదా?"

"నువ్వు ఓకే అన్నావు గదా బావా!"

పెద్దాయన మీసం సవరించుకున్నాడు. "నేను యాడ చూసినా? నా తల మటుకే చూసుకున్నా."

అది విని కుమరేశన్ ఫక్కున నవ్వాడు. ఆపుకోలేక నవ్వాడు. పెద్దాయన కోపంగా చూడబోయి, తెర మీద గోలీ అంత తన ముఖాన్ని మళ్ళీ చూసి, తనూ మొదలుపెట్టాడు. నవ్వుతూనే ఇద్దరూ కలిసి ముకుందన్‌కు పెట్టిన చీవాట్లు ఎదురింటి మాడసామి దాకా వినబడ్డాయి. అతను గోడమీదుగా, ఏమయిందని కేకేశాడు. "ఏం లేదన్నా, తలంటుతాండారు!" అని మహాలక్ష్మి జవాబిచ్చింది.

కాఫీలయ్యాయి. నవ్వు చల్లారాక అసలుది మళ్ళీ తల ఎత్తింది.

"తలల సంగతి సెరి," అన్నాడు పెద్దాయన, గ్లాసు కింద పెడుతూ, "తొడ సంగతి ఏంది? పెద్దోని తొడే గదా ఆచారం."

"చిన్నమామ దగ్గరే బిడ్డకు చనువు ఎక్కువ. నీ మీసం చూస్తే ఏడుస్తాది."

"నా మీసం జోలికొస్తే బాగుండదు."

మహాలక్ష్మి ఖాళీ గ్లాసులు టకటకా ఒకదాంట్లో ఒకటి దూర్చింది. "బిడ్డకు చెవులు రెండుండాయి గదన్నా. తలా ఒకటి తీసుకోండి."

"అయితే మొదుట కుట్టే చెవి నాది" అన్నాడు పెద్దాయన. "మొదుటిది నాది" అన్నాడు చిన్నాయన.

"మొదుటా లే, కడపటా లే! ఒక చెవి కుట్టించుకున్నంక అది రెండోది ఇస్తాదా? సముద్రం దాకా పరిగెత్తిపోతాది. ఇద్దురు కంసాల్లను పిలిపిస్తా. ఆ చెవి ఒకరు, ఈ చెవి ఒకరు, ఒకే చిటికెలో. మీరిద్దురూ పక్కపక్కన కూర్చుంటే బిడ్డ అడ్డంగా మీ ఇద్దురి తొడల మీద. ఒప్పుకుంటే పండుగ. లేదా, దాన్ని నా తొడ మీద పెట్టుకోని నేనే కుట్టిస్తా, మేనమామలు ఫ్లెక్సులో మటుకు ఉండండి."

ఆ చివరి మాటకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

ఆమె అక్కడితో ఆగలేదు. చాప పరిచింది. లోపల నిద్రపోతున్న కయల్‌ను తట్టి లేపి తెచ్చింది. "ఇప్పుడే కూర్చోని చూపించండి. ఆదివారం అందురి ముందరా తంటాలు నాకొద్దు."

కూర్చున్నారు. నడుమ మూర ఎడం. కయల్‌ను అడ్డంగా పడుకోబెడితే ఆ సందులోంచి జారి చాప మీద కూర్చుని, ఇదేదో ఆట అనుకుని, "ఇంకోతూరి" అంది. ఇంకోతూరి జారింది.

"జరగండి" అంది మహాలక్ష్మి.

పెద్దాయన జానెడు జరిగాడు. బిడ్డ మళ్ళీ జారింది. చిన్నాయన బెత్తెడు జరిగాడు. బిడ్డ నడుము దాకా జారి వేలాడుతూ కిలకిలలాడింది.

"ఇంకా. గాలి గూడా దూరగూడదు."

ఏడాదిగా ఒకరి మీద ఒకరు తొడకొట్టిన అన్నదమ్ములు చివరికి తొడకు తొడ ఆనించి, భుజానికి భుజం తగిలించి కూర్చున్నారు. ఈసారి బిడ్డ జారలేదు. ఆట చెడిపోయిందని అలిగి, ఒక చేత్తో పెద్దమామ మీసం, ఒక చేత్తో చిన్నమామ కళ్ళద్దాలు పట్టుకుని గుంజింది. ఇద్దరి తలలూ ఒకదానికొకటి ఠంగున తగిలాయి.

కరెంటు వచ్చింది. ఆ వెలుగులో ముకుందన్ చేతిలో ఫోన్ ఉంది. నొక్కేశాడు.

ఫొటో ల్యాప్‌టాప్‌లోకి వచ్చాక ముగ్గురూ వంగి చూశారు. రెండు తలలు, ఒకదానికొకటి అతుక్కుని, నడుమ బిడ్డ పిడికిళ్ళు. ముకుందన్ పాత అలవాటుకొద్దీ మూల పట్టుకుని లాగాడు. ఒక తల పెరిగితే రెండోదీ పెరిగింది. అణచాడు. రెండూ అణగాయి. ఎంత లాగినా ఒకదాన్ని వదిలి ఒకటి రాదు.

"ఇదే వెయ్యి" అన్నాడు పెద్దాయన.

"ఇదే, బావా. రెండు గేట్లకూ ఇదే" అన్నాడు చిన్నాయన.

చెప్పులు వేసుకునేటప్పుడు బాలమురుగన్ ముకుందన్‌ను పూలకుండీ పక్కకు లాగి, గొంతు తగ్గించి, "ముకుందా, నా మీసం కొంచెం నెరిసినట్టు పడింది. వానిది నల్లగా ఉండాది. ఒక చెయ్యి వెయ్యి" అన్నాడు. ఆయన బండి మలుపు తిరిగాక కుమరేశన్ హెల్మెట్ మర్చిపోయినట్టు వెనక్కి వచ్చి, "బావా, అన్న మీసం మరీ దట్టంగా ఉండాదే, నాదాన్ని గూడా కొంచెం గట్టిగా దిద్దు" అన్నాడు. ముకుందన్ ఇద్దరికీ సెరి అన్నాడు.

లోపలికి వచ్చి ఫొటోను మానిటర్లోకి ఈడ్చి, మీసాలు కనబడేంత పెద్దది చేసి, రెండింటికీ సమంగా నలుపు పూశాడు. తర్వాత వంటింటి వైపు ఒకసారి చూశాడు. మహాలక్ష్మి చేపలు కడుగుతూ ఉంది. ఫొటోకు కుడి పక్క కాస్త ఖాళీ ఉంది. అక్కడ బిడ్డ తండ్రిగా తన తల కూడా ఒకటి అతికించి, మూల పట్టుకుని, కొంచెం లాగాడు.